పాఠకుల ప్రశ్నలు: ఉద్యోగం చేసిన అమ్మమ్మ జ్ఞాపకాలను ఎలా రాయాలి, ఎలా దాచాలి?

ఇంట్లో పెద్దావిడ పోయాక ఆమె జ్ఞాపకాలను పోగుచేసి పెట్టుకోవడం గురించి చాలా ఉత్తరాలు వచ్చాయి. వాటిలో ఎక్కువ భాగం జీవితమంతా ఉద్యోగం చేసుకుంటూ తన కాళ్ల మీద తాను నిలబడి సరదాగా బతికిన అమ్మమ్మలు, నాయనమ్మల గురించే. అందుకే ఈసారి శీర్షిక మొత్తం వాటికే ఇస్తున్నాం.

ప్రశ్న: మా అమ్మమ్మ పెళ్లికి ముందు నుంచి రిటైరయ్యేదాకా టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరు. తన సంపాదన తనది, తన నిర్ణయాలు తనవి. పగలబడి నవ్వే మనిషి. వచ్చే నెల సంస్మరణ సభలో నేను ఐదు నిమిషాలు మాట్లాడాలి. ఏం రాసినా అందరి అమ్మమ్మల గురించి రాసినట్టే ఉంటోంది. ఏం చేయను?

అలా అనిపించడానికి కారణం విశేషణాలు. కష్టజీవి, ప్రేమమూర్తి, త్యాగమయి అన్న మాటలు ఏ పెద్దావిడకైనా సరిపోతాయి. ఆవిడ గురించి మీకు తోచిన ఇలాంటి మాటలన్నీ ఒక కాగితం మీద రాయండి. ఆవిడ ఏం చేస్తే ఆ మాట అనిపించిందో ఒక్కోదాని ఎదురుగా రాయండి. ఎదుట రాయడానికి ఏమీ దొరక్కపోతే ఆ మాట కొట్టేయండి. ముందు కొట్టేయాల్సింది 'త్యాగమయి' అని మా గట్టి అభిప్రాయం. జీతానికి పనిచేసి, ఆ పనిని ఇష్టపడి, ఆ డబ్బుతో సరదాగా గడిపిన మనిషిని పట్టుకుని త్యాగమయి అంటే, ఆవిడ తన కోసం తాను కోరుకున్నవేవీ కనపడకుండా పోతాయి.

తేడా ఇలా ఉంటుంది. 'అమ్మమ్మ చాలా స్వతంత్రురాలు, సరదా మనిషి' అని రాస్తే వినేవాళ్లకు ఏమీ కనపడదు. 'జీతం అందిన సాయంత్రం మనవలందరినీ సినిమాకు తీసుకెళ్లేది. తాతయ్య జేబులో చెయ్యి పెడితే, ఇవాళ నా రోజు, మీరు కూర్చోండి అనేది' అని రాస్తే స్వతంత్రం, సరదా రెండూ వచ్చేశాయి. ఆ రెండు మాటలతో ఇక పనిలేదు.

ఉద్యోగాన్ని ఒక్క వాక్యంలో దాటేయకండి. ఇలాంటి ప్రసంగాల్లో చాలావరకు చేసే పొరపాటు ఇదే: 'ఫలానా శాఖలో పనిచేసి రిటైరయ్యారు' అని, మిగతా సమయమంతా ఇంటి విషయాలు. రోజుకు ఎనిమిది గంటలు ఆవిడ చేతులు ఏం చేసేవో చెప్పండి. పాతకాలపు బోర్డు ముందు కూర్చున్న ఆపరేటరుకు ఎదురుగా వరసలు వరసలుగా రంధ్రాలుంటాయి, ఒక్కోటి ఒక్కో లైను. ఎవరైనా పిలిస్తే ఆ లైను దగ్గర చిన్న దీపం వెలుగుతుంది. జంట తీగల్లో ఒకదాని ప్లగ్గు అందులో గుచ్చి, మీట వేసి నంబరు అడిగి, రెండో తీగను కావలసిన లైనులో గుచ్చి గంట కొట్టాలి. ట్రంకు కాలైతే, అంటే వేరే ఊరికి చేసే ఫోనైతే, నంబర్లు, మాట మొదలైన సమయం, ముగిసిన సమయం చీటీ మీద రాయాలి, బిల్లు దాన్ని బట్టే కాబట్టి. ఒకేసారి నాలుగైదు దీపాలు వెలిగినా గొంతులో కంగారు వినపడకూడదు. ఆవిడ చేసింది ఏ రకం బోర్డు మీదో తోటి ఆపరేటర్లను అడిగి, ఈ వివరాల్లో రెండు వాక్యాలు చాలు, ఇప్పటి పిల్లలకు కూడా ఆవిడ కుర్చీలో కూర్చున్నట్టు కనిపిస్తుంది.

'మొట్టమొదటి మహిళ' అన్న మాటతో మాత్రం జాగ్రత్త. కుటుంబాల్లో ఇది నోటినోటా పెరుగుతుంది. ఈ ఉద్యోగంలో ఆడవాళ్లు 1878 నుంచే ఉన్నారు. ఆ ఏడాది సెప్టెంబరు 1న బోస్టన్‌లో ఎమ్మా నట్ అనే ఆవిడ చేరారు, అంతకుముందు అక్కడ కుర్రాళ్లను పెట్టుకునేవారు. మీ అమ్మమ్మగారు ఆ ఆఫీసులో మొదటి ఆడమనిషి అని కాగితం ఉంటే అలాగే చెప్పండి. లేకపోతే 'మా ఇంట్లో జీతం తెచ్చిన మొదటి ఆడమనిషి' అనండి. అది మీకు ఖాయంగా తెలిసిన విషయం, ఏమాత్రం చిన్నదీ కాదు.

ఇక కొలత. తెలుగులో స్పష్టంగా, ఆగుతూ చదివితే నిమిషానికి 90 మాటలు దాటవు. ఐదు నిమిషాలంటే 450 మాటలు, అంటే మూడు సంఘటనలు. పుట్టిన ఊరు, చదువు, చేరిన ఏడు, పిల్లల పేర్లు అన్నీ పెడితే సగం సమయం వాటికే పోతుంది. వాటిని ఒక కాగితం మీద అచ్చువేయించి పంచండి. పుట్టుక నుంచి వరసగా చెప్పుకురావడం కంటే ఆవిడ ఉద్యోగంలో ఉన్న ఒక మామూలు రోజుతో మొదలుపెట్టడం మంచిది.

నవ్వించడానికి భయపడకండి. సరదా మనిషిని తలుచుకునే చోట నవ్వు వినపడకపోతే ఆమె సగమే వచ్చినట్టు. అయితే ఆవిడ తన మీద తాను వేసుకున్న జోకులు చెప్పండి, లేదా వింటున్నవాళ్లంతా ఎరిగిన అలవాటు చెప్పండి. సభలో కూర్చున్న బంధువు గురించి ఆవిడ ఇంట్లో అన్న మాట వద్దు, అది ఎంత బాగున్నా సరే. ముందుగా ఆవిడను ఎరగని స్నేహితులకు చెప్పి చూడండి. 'అప్పుడు మీరుండాల్సింది' అని మీరు అనాల్సొస్తే ఆ జోకు సభలో పండదు. ఆవిడ ఊతపదాన్ని ఆవిడ అన్నట్టే అనండి, యాస దిద్దొద్దు. జనం నవ్వితే నవ్వు తగ్గేదాకా ఆగి తర్వాతి వాక్యం ఎత్తుకోండి. ఆగకపోతే ఆ వాక్యం ఎవరికీ వినపడదు.

కాగితం మీద 16 లేదా 18 పాయింట్ల అక్షరాలతో, ఒక వైపే ముద్రించుకోండి. పేజీ చివర వాక్యం విరగకూడదు. పేజీ నంబర్లు వేయండి, చేతులు వణికి కాగితాలు కింద పడినా సర్దుకోవచ్చు. గొంతు పట్టేసే చోటు మీకు ఇంట్లో చదివేటప్పుడే తెలుస్తుంది. ఎప్పుడూ అక్కడే పట్టేస్తుంది. ఆ చోట వాక్యాలను నాలుగైదు మాటలకు కుదించండి, పక్కన మంచినీళ్లు పెట్టుకోండి, ఇంకో ప్రతి తమ్ముడికో చెల్లెలికో ఇచ్చి ముందు వరసలో కూర్చోబెట్టండి. మీరు ఆగిపోతే వాళ్లు వచ్చి చదువుతారన్న ధైర్యం ఉంటే చాలాసార్లు ఆ అవసరమే రాదు.

ప్రశ్న: నాయనమ్మతో కలిసి పనిచేసినవాళ్లు ఇద్దరు ముగ్గురు ఇంకా ఉన్నారు. అందరూ ఎనభై దాటినవాళ్లే. వాళ్లను ఏం అడగాలి? ఇప్పటికే ఒకరు చెప్పింది ఇంకొకరితో కలవడం లేదు.

'ఆవిడ ఎలాంటి మనిషి?' అని అడిగితే 'చాలా మంచిది' అన్న జవాబు వస్తుంది, మాట అక్కడితో ఆగిపోతుంది. చిన్నగా, పని చుట్టూ అడగండి. ఆఫీసులోకి రాగానే మొదట ఏం చేసేవారు? ఆవిడను అక్కడ ఏమని పిలిచేవారు? ఏ పని చెబితే చిరాకు పడేవారు? పై అధికారితో ఎప్పుడైనా పేచీ పడ్డారా, ఎవరు నెగ్గారు? మధ్యాహ్నం ఖాళీ దొరికితే ఎవరితో కూర్చునేవారు? ఇలా అడిగాక ఐదు సెకన్లు నోరు మూసుకోండి. పెద్దవాళ్లకు అసలు విషయం తట్టేది సాధారణంగా ఆ మౌనంలోనే, మనం తొందరపడి రెండో ప్రశ్న వేసి దాన్ని చెడగొడతాం.

వీలైతే అప్పటి ఫొటో ఒకటి చేతికివ్వండి. మనుషులకు సుమారు పదేళ్ల నుంచి ముప్ఫై ఏళ్ల మధ్య జరిగినవి మిగతా వయసుల కంటే ఎక్కువ గుర్తుంటాయి. కాబట్టి ఉద్యోగంలో చేరిన తొలి రోజుల దగ్గర మొదలుపెడితే మాట తేలిగ్గా సాగుతుంది, రిటైర్మెంటు సంగతులు దాని వెనకే వస్తాయి.

ఫోనులోనే రికార్డు చేయొచ్చు. ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి, లేకపోతే మధ్యలో వచ్చిన ఫోను రికార్డింగును ఆపేస్తుంది. ఫ్యాను ఆపండి, అన్నిటికంటే ఎక్కువగా పాడుచేసేది దాని గాలి చప్పుడే. ఫోను కింద మడిచిన గుడ్డ వేసి, మాట్లాడేవారికి రెండు జానల దూరంలో ఉంచండి. ముందుగా ఒక నిమిషం రికార్డు చేసి విని చూడండి. మొదట్లోనే తేదీ, ఎవరితో మాట్లాడుతున్నారో, వారికి నాయనమ్మతో ఏం సంబంధమో చెప్పి మొదలుపెట్టండి. గంట, మహా అయితే గంటన్నర. ఆపైన వాళ్లు అలసిపోయి, మీకు ఏది వినాలని ఉందో అదే చెబుతారు.

మొత్తం అక్షరం అక్షరం రాసుకోవాలని కూర్చోకండి. గంట మాటను రాయడానికి నాలుగు నుంచి ఆరు గంటలు పడుతుంది, చాలామంది అక్కడే మానేస్తారు. దాని బదులు '12:40 బదిలీ ఆర్డరు తిప్పి పంపిన సంగతి' అంటూ నిమిషాలు, విషయాలు రాసుకోండి. బాగున్న ముక్కలే పూర్తిగా ఎక్కించుకోండి.

చెప్పేవి కలవకపోతే రెండూ రాయండి, ఎవరు చెప్పారో పక్కన పెట్టండి. సంవత్సరాల విషయంలో మాత్రం జ్ఞాపకాన్ని నమ్మొద్దు. నియామకపు ఉత్తరం, బదిలీ ఆర్డర్లు, జీతపు చీటీలు, గుర్తింపు కార్డు, పింఛను కాగితాలు వరసగా పేర్చితే ఉద్యోగమంతా తేదీలతో సహా నిలబడుతుంది. ఏ పని చేసేవారన్న దానికి సాక్ష్యం మనుషులు, ఎప్పుడు చేశారన్న దానికి కాగితాలు.

ప్రశ్న: పాత క్యాసెట్లలో అమ్మమ్మ గొంతు ఉంది. ఒకదాంట్లో పాడుతుంది, నవ్వుతుంది. టేప్‌రికార్డర్‌లో వేస్తే బాగా సన్నగా, మూసుకుపోయినట్టు వినిపిస్తోంది. పోయినట్టేనా?

చాలావరకు పోయి ఉండదు. మళ్లీ వేసే ముందు ఒక పని చేయండి. క్యాసెట్ పై అంచున రెండు మూలల్లో చిన్న ప్లాస్టిక్ నాలుకలుంటాయి, వాటిని విరవండి. అవి లేకపోతే రికార్డు మీట పడదు, పొరపాటున నొక్కినా గొంతు చెరిగిపోదు.

ఇప్పుడు టేపు బయటికి కనిపించే అంచు వైపు చూడండి. సరిగ్గా మధ్యలో, టేపు వెనక, రాగి రంగు బద్ద మీద గోరంత ఫెల్టు ముక్క ఉండాలి. టేపును హెడ్‌కు, అంటే యంత్రంలో టేపును చదివే భాగానికి, ఆనించి పట్టేది అదే. పాత క్యాసెట్లలో జిగురు ఎండి అది రాలిపోతుంది, అప్పుడు గొంతు అచ్చం మీరు రాసినట్టే వినిపిస్తుంది. బయటి పెట్టెకు మరలుంటే విప్పి, రెండు చుట్టలనూ కదలకుండా ఎత్తి, బాగున్న ఇంకో ఖాళీ పెట్టెలోకి మార్చొచ్చు. అతికించిన పెట్టె అయితే అంచు వెంట జాగ్రత్తగా పగలగొట్టాలి. చేతికి అలవాటు లేకపోతే ముందు పనికిరాని క్యాసెట్ మీద చేసి చూడండి.

ఫెల్టు బాగానే ఉంటే తప్పు యంత్రానిది. హెడ్ మీద గోధుమరంగు పొడి పేరుకుంటుంది. 90 శాతం పైన ఉన్న ఐసోప్రొపైల్ ఆల్కహాలులో దూదిపుల్ల ముంచి తుడవండి, పూర్తిగా ఆరాక వేయండి. అప్పటికీ మూసుకుపోయినట్టే ఉంటే హెడ్ వాలు తేడా. దాని పక్కనున్న చిన్న మరను కొద్దికొద్దిగా తిప్పుతూ, 'స', 'ష' శబ్దాలు పదునుగా వినిపించే చోట ఆపాలి. 120 నిమిషాల క్యాసెట్లయితే మరీ జాగ్రత్త. అందులో టేపు పలచన, సాగుతుంది, చిక్కుపడుతుంది. ముందుకీ వెనక్కీ పదేపదే తిప్పొద్దు.

కంప్యూటరులోకి ఎక్కించేటప్పుడు ల్యాప్‌టాప్ మైకు రంధ్రంలో తీగ గుచ్చకండి. అది మైకు కోసం శబ్దాన్ని బాగా పెంచుతుంది కాబట్టి గొంతు చీలిపోతుంది. లైన్ ఇన్, అంటే టేప్‌రికార్డర్ శబ్దాన్ని పెంచకుండా నేరుగా తీసుకునే రంధ్రం, ఉన్న యూఎస్‌బీ పరికరం వాడండి. ఆడాసిటీలాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు. అందులో రికార్డింగు సెట్టింగులు ఇలా పెట్టండి: 48 కిలోహెర్ట్‌జ్, 24 బిట్, వేవ్ ఫైలు. శబ్దం ఎంత పెద్దదైనా మీటరు మైనస్ 6 డెసిబెల్ దాటకుండా చూసుకోండి, నవ్వు వచ్చే చోటు ముందుగా విని దాన్ని బట్టి సర్దుకోండి. గంట టేపుకు గంట పడుతుంది, దగ్గరి దారి లేదు. మూల ఫైలు అలాగే ఉంచి, బుసబుస తగ్గించే పనులన్నీ నకలు మీద చేయండి. బుస మరీ ఎక్కువ తీసేస్తే ఊపిరి కూడా పోతుంది. కొంచెం ఉండనివ్వండి.

ప్రశ్న: ఆఫీసు ఫొటోలన్నీ జిగురు పేజీల ఆల్బంలో అతుక్కుపోయాయి. పీకొచ్చా?

వేళ్లతో పీకొద్దు, మూల నుంచి చీలిపోతాయి. పళ్ల మధ్య శుభ్రం చేసుకునే దారాన్ని ఫొటో వెనక దూర్చి, రంపంలా అటూ ఇటూ లాగుతూ మెల్లగా కిందికి దించండి. ఎక్కడైనా పట్టేస్తే ఆపేసి, పేజీనే స్కానరు మీద పెట్టండి. గాజు పలకకు అంటుకుపోయిన ఫొటోను అసలు కదపకుండా గాజుతో సహా స్కాన్ చేయాలి. చేతిలో పట్టే ఫొటోలకు స్కానరులో 600 డీపీఐ (అంగుళానికి ఎన్ని చుక్కలన్న లెక్క) పెట్టండి. గుంపు ఫొటోలో ముఖాలు చిన్నవైతే 1200. నెగెటివ్ ఉంటే ఫొటో కంటే అదే మేలు, దానికి 3000 వరకు పెట్టండి. వెనక పేర్లు రాయడానికి మెత్తటి పెన్సిలు, అదీ అంచున. బాల్ పెన్ను గీత ముందు వైపుకు దిగుతుంది. ల్యామినేషన్ వద్దు, ఆ వేడి, ఆ ప్లాస్టిక్ మళ్లీ వెనక్కి రావు. పేర్లు మాత్రం ఈ వారమే రాయించండి. స్కానింగు వచ్చే ఏడాది కూడా చేయొచ్చు, ముఖాలు గుర్తుపట్టేవాళ్లు అప్పటికి ఉంటారో లేదో.

ప్రశ్న: నాయనమ్మ సిమ్ రద్దు చేయించేద్దామనుకుంటున్నాం. ఫోనులో ఆవిడ పంపిన వాయిస్ మెసేజ్‌లు చాలా ఉన్నాయి.

ఇప్పుడే రద్దు చేయొద్దు. ఈమెయిలు, ఫొటోల ఖాతా తెరవాలంటే ఓటీపీ ఆ నంబరుకే వస్తుంది. వాట్సాప్ ఖాతాను 120 రోజులు వాడకపోతే సాధారణంగా తీసేస్తారు. గూగుల్ ఖాతాను రెండేళ్లు ముట్టకపోతే ఫొటోలతో సహా తొలగించే అధికారం వాళ్లకుంది. కాబట్టి ముందు మీ కుటుంబంలో అందరి ఫోన్లలోనూ ఆవిడ వాయిస్ మెసేజ్‌లను వెతికి కంప్యూటరులోకి ఎక్కించండి. అవి ఓపస్ అనే రకం ఫైళ్లు, పేరులో తేదీ ఉంటుంది, దాన్ని చెరపకండి. ఫొటోలను ఒకరికొకరు పంపుకునేటప్పుడు 'డాక్యుమెంట్'గా పంపండి, మామూలుగా పంపితే నాణ్యత తగ్గుతుంది.

అన్నీ చేరాక మూడు ప్రతులు: ఒకటి కంప్యూటరులో, ఒకటి విడి హార్డ్ డిస్కులో, ఒకటి వేరే ఇంట్లోనో క్లౌడ్‌లోనో. పెన్ డ్రైవ్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. ఫైలు పేరు ముందు సంవత్సరం, నెల, తేదీ పెట్టండి. తెలియని చోట 00 వేస్తే చాలు, అన్నీ వాటంతటవే వరసలోకి వస్తాయి.

ప్రశ్న: అమ్మమ్మ తాతయ్యతో విడిపోయి, ఒంటరిగా ఉద్యోగం చేస్తూ మా అమ్మను పెంచింది. కుటుంబం కోసం వేస్తున్న చిన్న పుస్తకంలో అది రాయాలా? పెద్దవాళ్లు వద్దంటున్నారు.

రాయాలి. అది తీసేస్తే ఆవిడ ఉద్యోగానికి, ధైర్యానికి, చివరికి నవ్వుకు కూడా అర్థం మారిపోతుంది. అయితే జరిగింది రాయండి, ఎందుకు జరిగిందో ఊహించి రాయకండి. 'ఫలానా ఏడాది నుంచి వేరుగా ఉంది. అద్దె ఇల్లు తన పేరున తీసుకుంది. జీతం మీదే కూతురిని చదివించింది.' ఇందులో ఎవరి మీదా నింద లేదు, పెద్దవాళ్లకు ముందుగా ఈ మూడు వాక్యాలే చూపించండి. గొడవ సాధారణంగా విషయం మీద ఉండదు, 'పాపం', 'గతిలేక' లాంటి మాటల మీద ఉంటుంది. ముందు మీ అమ్మగారి ఒప్పుదల తీసుకోండి, అది ఆవిడ బాల్యం కూడా. ఉత్తరాలు, కోర్టు కాగితాలు ఉంటే పుస్తకంలో వేయకుండా, విడిగా కవరులో పెట్టి ఎవరు ఎప్పుడు తెరవొచ్చో పైన రాయండి.

ప్రశ్న: మా అబ్బాయికి ఆరేళ్లు. ముత్తవ్వ అంటే ప్రాణం. పెద్దయ్యాక గుర్తుంటుందా?

ఇప్పుడు చెబుతున్న వివరాల్లో చాలావరకు ఎనిమిది, తొమ్మిదేళ్లు వచ్చేసరికి పలచబడతాయి. అందుకే వాడి మాటలను ఇప్పుడే రికార్డు చేయండి, మీరు దిద్దకుండా. వాడికి ఆవిడ వస్తువు ఒకటి ఇవ్వండి, చూసి దాచుకునేది కాదు, వాడుకునేది: టార్చిలైటు, గొడుగు, పేకముక్కలు. ఆవిడ నేర్పిన ఆట ఏదైనా ఉంటే నియమాలు కాగితం మీద రాయించండి, ఆవిడ చేసే దొంగాటతో సహా.

ప్రశ్న: మా నాయనమ్మకు ఎనభై నాలుగేళ్లు, దర్జీ. ఇప్పటికీ మిషన్ తొక్కుతుంది. జీవితకథ చెప్పమని ఫోను పెడితే 'నేను పోతానని తొందరగా ఉందా' అని నవ్వేసి లేచిపోతుంది.

జీవితకథ అడగకండి. పని నేర్పమనండి. మిషన్ పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, ఒక పాత గుడ్డ తీసుకుని కొలత ఎలా తీస్తారో, ఎక్కడ గుర్తు పెడతారో, దారం ఎందుకు తెగుతుందో అడగండి. చేతులు పనిలో ఉంటే మాట దానంతటదే వస్తుంది. ఈ కత్తెర ఎక్కడిది, మొదటి జాకెట్టు ఎవరికి కుట్టారు, డబ్బులు ఎగ్గొట్టింది ఎవరు, అన్నీ మధ్యలో దొర్లుతాయి. ఫోను ఆవిడ ముఖానికి కాక చేతులకు ఎదురుగా నిలబెట్టండి, రికార్డు చేస్తున్నానని మాత్రం చెప్పే చేయండి. మిషన్ మోత గొంతును మింగేస్తుంది కాబట్టి ఫోనును మిషన్ బల్ల మీద పెట్టొద్దు, వేరే స్టూలు మీద, ఆవిడ నోటికి దగ్గరగా ఉండేలా పెట్టండి. కుట్టు ఆపి మాట్లాడే క్షణాలే ఎక్కువ పనికొస్తాయి, అప్పుడు మీరు మధ్యలో దూరకండి. రోజుకు ఇరవై నిమిషాలు చాలు. ఆ సాయంత్రమే ఫైలుకు పేరు, తేదీ పెట్టి ఇంకో చోటికి నకలు తీయండి, మర్నాడు ఏ కుట్టు నేర్పమంటారో ఆవిడనే అడగండి.